రాజుగారి నీటిగిన్నె

ఒకానొక రాజ్యంలో విజయకేతనుడనే రాజుగారికి కాలం తన సొంత సొత్తని గట్టి నమ్మకం. అడుగున చిల్లున్న రాగిగిన్నెను రోజూ తన చేత్తోనే నీళ్లతొట్టిలో వదిలేవాడు. అది మునిగితే గడియ అయినట్టు, గంట కొట్టేవారు. కోట ద్వారాల దగ్గరా అలాంటి గిన్నెలే ఉండేవి.

ఎవరికీ చెందని బీడును ముందు అడిగినవాడికి ఇవ్వడం అక్కడి పద్ధతి. ఒకసారి ఒకే బీడును తూర్పు ద్వారం వాళ్లు ఒక రైతుకీ, పడమటి ద్వారం వాళ్లు ఇంకో రైతుకీ ఇచ్చేశారు. ఇద్దరూ తమ ద్వారం గిన్నె లెక్క చూపిస్తూ "నేనే ముందు" అంటూ సభకొచ్చారు. ఇలాంటి తగవులు తీర్చి తీర్చి మంత్రి వల్లభయ్యకు ప్రాణం విసిగిపోయింది.

"తూర్పు గిన్నె నా గిన్నెతో కలవలేదు. దాన్ని చూసే సింగన్నను దేశం దాటించండి!" అన్నాడు రాజు.

సింగన్న ముసలివాడు. పాపం, చేతులు జోడించి మంత్రికేసి చూశాడు.

"ప్రభూ, గిన్నె కలవకపోతే ఎవరికైనా ఇదే శిక్షా?" వల్లభయ్య నీరసంగా అడిగాడు.

"ఎవరికైనా!"

"అయితే అంతఃపురం గిన్నె కూడా ఇప్పుడే చూసేద్దాం. లేకపోతే రేపు ఆ తగవూ నా నెత్తినే పడుతుంది."

అది రాణిగారు స్వయంగా చూసుకునే గిన్నె. తెప్పించి, రెంటినీ ఒకే తొట్టిలో ఒకేసారి వదిలారు. రాణిగారిది బుడుంగున మునిగింది. రాజుగారిది ఇంకా తాపీగా తేలుతూనే ఉంది.

సభలో అందరూ పైకప్పుకేసి చూశారు.

"రాణి గిన్నెదే తప్పు" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"ఆ మాట తమరే లోపలికి వెళ్లి చెప్పండి ప్రభూ, నాకు ఓపిక లేదు. కాదంటే తమ గిన్నెదే తప్పనుకుందాం. ఇద్దరిలో ఎవరిని దేశం దాటించమంటారు?"

రాజు తొట్టికేసి చూశాడు, అంతఃపురం వైపు చూశాడు, పకపకా నవ్వేశాడు. "సింగన్నను వదిలేయండి! మరి దారేమిటయ్యా?"

"ఏ రెండు గిన్నెలూ అచ్చంగా కలవవు ప్రభూ. రోజూ చిల్లుల్లో మట్టి తీయిస్తే తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే అడగ్గానే 'ఇచ్చాం' అనొద్దనండి. తేడా ఎంత రాగలదో అంతసేపు ఆగి, అవతలి ద్వారం వాళ్లను అడిగి అప్పుడు ఇమ్మనండి. ఈ బీడులో ఎవరు ముందో ఇక తేలదు, చెరిసగం పంచేద్దాం."

రాజు మెచ్చి మెడలోని ముత్యాలహారం తీశాడు.

"అది వద్దు ప్రభూ. ఏ గంటా వినపడకుండా కాస్త పడుకోనివ్వండి."

"ఎంతసేపు?"

"మెలకువ వచ్చేదాకా."

రాజు మళ్లీ నవ్వి, హారం అతని మెడలో వేసి, గంట కొట్టేవాడి చేతిలోంచి కొయ్యసుత్తిని తనే లాక్కున్నాడు.