బస్తయ్య వానగది

అనగనగా ఒక అడవి. అడవంటే మన దొడ్లో కరివేపాకు చెట్టు వెనక పొద అనుకునేరు! పొద్దున అందులో దూరిన గాలి సాయంత్రానికి దారి తప్పి బావురుమనేది. అంత అడవి. దాని నడుమ ఒక గుట్ట, పేరు చలువగుట్ట. ఆకాశానికి వీపు దురద పెడితే వచ్చి ఆ గుట్టకే రాసుకునేదట. అంత ఎత్తు.

ఆ గుట్ట నిండా బొరియలే. కింది వరసలో కుందేళ్ళు, తాబేళ్ళు. మధ్య వరసలో ముళ్ళపందులు, ఉడుములు. పై వరసలో పందికొక్కులు. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లోవాళ్ళు "నూరేళ్ళు" అనేవారు. అంత దగ్గర కాపురాలు.

అంత దగ్గరగా బతకాలంటే కట్టుబాట్లు ఉండాలి కదా! ఉండేవి. వాన వార్త చాటినప్పుడు అందరూ బయటికొచ్చి వినాలి, అది ఒకటి. ఎవరి గుమ్మం ముందు నీటిదారిని వాళ్ళే ఊడ్చుకోవాలి, అది రెండోది. మూడోదే అన్నిటికన్నా పెద్దది. ప్రతి ఇంట్లో ఒక గది వానాకాలమంతా ఖాళీగా ఉంచాలి. దాని పేరు వానగది. గుమ్మం దాటగానే వానగది, దాని వెనకాల లోపలి గది. ఇల్లు మునిగినవాళ్ళు ఎవరొచ్చినా, ఏమీ అడక్కుండా అందులోకి రానివ్వాలి.

వాన వార్త చాటేది తీతువు కేకలమ్మ. ఊళ్ళలో మనుషులు తీతువు కూస్తే కీడని తలుపులు వేసుకుంటారు. చలువగుట్ట మీద మాత్రం కేకలమ్మ కూస్తే తలుపులన్నీ తెరుచుకునేవి. ఆకాశం సంగతులు ఆవిడకి తెలిసినంతగా మబ్బులకే తెలియవు మరి!

ఏటా రోహిణి కార్తె ఆఖరి సాయంత్రం అందరూ గుట్ట ముందు చేరేవారు. వార్తకి ముందు ఇంకో ముచ్చట ఉండేది. నిరుటి వానల్లో ఎవరు ఎవరి గదిలో తల దాచుకున్నారో, వాళ్ళని పేరు పెట్టి తలుచుకోవాలి.

ఆ ఏడు ముందుగా కుందేలు పరుగులమ్మ లేచింది.

"నిరుడు నా పిల్లలతో సూదయ్యన్న గదిలో ఉన్నాను. మా బుజ్జిగాళ్ళకి గుచ్చుకుంటుందని అన్న ముసురు తగ్గేదాకా ముళ్ళు గోడవైపు తిప్పుకునే పడుకున్నాడు. నీ కడుపు చల్లగుండాలన్నా!"

ముళ్ళపంది సూదయ్య సిగ్గుపడి కాళ్ళు చూసుకున్నాడు. "ఊరుకో చెల్లెమ్మా. గోడకి ఎన్ని చిల్లులు పడ్డాయో చూశావా?"

అందరూ నవ్వారు. అప్పుడు తాబేలు నెమ్మదయ్య తాత మెడ చాచాడు. గుట్టలో పెద్దవాడు ఆయనే. గుట్ట గులకరాయిగా ఉన్నప్పటి నుంచీ ఎరుగుదునని ఆయనే చెప్పేవాడు.

"ఒరే బస్తిగా! నువ్వెవర్ని తలుచుకుంటావురా?"

పందికొక్కు బస్తయ్య లేచాడు. ఆయన లేస్తే గుట్టకి అటువైపు పొద్దు వాలినట్టుండేది. బొజ్జ అంత ఘనం! ఒక్క బుగ్గలో బండెడు శనగలు పెట్టుకుని, రెండో బుగ్గతో పాట పాడుకుంటూ వచ్చేవాడు.

"నాకు తలుచుకోవలసినవాళ్ళెవరూ లేరు తాతా" అన్నాడు మీసం దువ్వుకుని. "నాది రాతి ఇల్లు. పైన బండ, పక్కన బండ. పిడుగు పడితే పిడుగే పగిలిపోయింది! నేను ఒకరి గుమ్మం ఎక్కినవాణ్ణి కాను."

"ఆ గొప్ప చాలుగానీ కూర్చోండి" అని ఆయన భార్య గాదెమ్మ తోక పట్టి లాగింది.

అప్పుడు కేకలమ్మ వార్త చాటింది.

"వినండహో! ఈ ఏడు మృగశిరలో చినుకు, ఆరుద్రలో ముసురు. గుట్ట కింది వాగు మధ్య వరస దాకా ఎక్కుతుంది. ఇంకో మాట. రోహిణి ఎండకి రోళ్ళే పగిలాయి. పై వరసలో బస్తయ్య ఇంటి బండ కూడా పగిలింది. మన్ను మెత్తుకోండహో!"

"నా బండ పగలడమా?" బస్తయ్య పకపకా నవ్వాడు. "ఎండ దెబ్బకి నీ కళ్ళు పగిలుంటాయి కేకలక్కా!"

ఆ ఏడు వేసవి మొదట్లోనే ఊళ్ళ చేలల్లో శనగ పంట విరగకాసింది. బస్తయ్య అప్పటి నుంచీ మోసిందే మోసింది. గాదె నిండింది. వంటిల్లు నిండింది. పిల్లల పడక కింద కూడా శనగలే. ఇక మిగిలింది వానగది.

"అది ముట్టుకోకండి. అది మనది కాదు" అంది గాదెమ్మ.

"మన ఇంట్లో ఉన్న గది మనది కాదా?"

"కాదు. తడిసి వచ్చేవాళ్ళది."

"ఇన్నేళ్ళలో నేను తడిశానా? తడవనివాడికి వానగది ఎందుకే?" అని ఆయన వానగదిని నేల నుంచి కప్పు దాకా శనగలతో కూరేశాడు. లోపలికి వెళ్ళడానికి గోడ పక్కన సన్నని సందు మాత్రం వదిలాడు. అందులోంచి వెళ్ళాలంటే ఆయన ఊపిరి బయట వదిలేసి, లోపలికి పోయాక మళ్ళీ తెచ్చుకోవలసి వచ్చేది.

మృగశిర వచ్చింది. చినుకులు పడ్డాయి. బండ పగులులోంచి ఒక్కొక్క బొట్టే శనగల మీద రాలింది. పైన ఉన్న శనగలు నీళ్ళు తాగాయి. కింద ఉన్నవి "మాకో?" అన్నాయి. అవీ తాగాయి. బస్తయ్య గురక పెడుతున్నాడు, ఆయనకేం వినబడుతుంది!

ఆరుద్రలో ముసురు పట్టింది. అబ్బో, ఏం ముసురు! చేపలు చెట్లెక్కి "ఇదేనా మన ఊరు?" అని అడిగాయి. ఒక పొద్దున వాగు పొంగి కింది వరస ముంచింది, మధ్య వరసా ముంచింది. పై వరసలో మిగతా వానగదులన్నీ కిక్కిరిశాయి.

ముందుగా పరుగులమ్మ వచ్చింది. చంకలో ఒక పిల్ల, వీపు మీద ఇంకో పిల్ల.

"బస్తయ్యన్నా! వానగది చూపించు. పిల్లలు వణుకుతున్నారు."

బస్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అయ్యో చెల్లెమ్మా! నా కప్పు చూస్తే ఇంతెత్తు. నీ చెవులు చూస్తే అంతెత్తు. విరిగిపోతే ఆ పాపం నాకెందుకు?"

తరవాత సూదయ్య వచ్చాడు. "బావా, కాస్త చోటివ్వు."

"నీకు చోటిస్తే నా గోడలు జల్లెడైపోతాయి బావా. నిరుటి సంగతి నువ్వే చెప్పావుగా!"

ఆఖరికి నెమ్మదయ్య తాత వచ్చాడు. ఆయన పొద్దున బయల్దేరి అప్పటికి చేరాడు.

"ఒరే బస్తిగా, కాస్త జరుగు."

"నీకు గది ఎందుకు తాతా? నీ ఇల్లు నీ వీపు మీదే ఉందిగా!" అని బస్తయ్య తన మాటకి తానే నవ్వాడు.

తాత నవ్వలేదు. "ఇల్లు వీపు మీద ఉన్నా, పక్కన మనిషి ఉండడురా" అన్నాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

ముగ్గురూ ఎదురుగా వాలిన బండ కింద, జల్లు కొడుతుంటే ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు.

బస్తయ్య చేతులు దులుపుకుని లోపలికి తిరిగాడు. సందు ఏదీ? లేదు! గోడ నుంచి గోడ దాకా శనగలే. ఒక్కొక్కటి నాని, ఉబ్బి, రేగుపండంత అయింది. ఇసుక కూడా దూరకుండా బిగుసుకుంది. ఆ బిగువుకి బండే "అబ్బా" అని మూలిగింది.

అవతల నుంచి గాదెమ్మ గొంతు సన్నగా వినబడింది. "ఏవండీ! బండ పగులు పెద్దదై ఈ గది దాకా పాకింది. లోపల నీళ్ళు పెరుగుతున్నాయి. పిల్లలు నా భుజాల మీద ఉన్నారు. తొందరగా తీయండి!"

బస్తయ్య ఒక్క ఉరుకు ఉరికాడు. గోడ తవ్వబోయాడు. మట్టయితే క్షణంలో తవ్వేవాడే. అది బండ! గోళ్ళు విరిగాయి గానీ రవ్వ కూడా రాలలేదు. శనగలు లాగబోయాడు. ఒకటి ఊడితే దాని చోటులోకి ఇంకోటి ఉబ్బింది. సరే, తినడం మొదలుపెట్టాడు. తిన్నాడు, తిన్నాడు, మూడు కల్లాల పంట తిన్నాడు. శనగల గోడ అంగుళం తగ్గింది. బొజ్జ మాత్రం గుమ్మంలో ఇరుక్కునేంత అయింది.

"నాన్నా!" అని లోపల చిన్నవాడు ఏడ్చాడు.

ఆ ఒక్క పిలుపుకి బస్తయ్య గొప్పలన్నీ ఎగిరిపోయాయి. జల్లులోకి పరుగెత్తాడు. వాలిన బండ ముందు నిలబడ్డాడు. ఎన్నడూ ఒకరినేమీ అడగని నోరు కదా, అడగడం దానికి కొత్త.

"నా పిల్లలు... లోపల... నీళ్ళు" అన్నాడు. "శనగలు నాని దారి మూసుకుపోయింది. వానగది నిండా నేనే పోశాను. మీరు ఉమ్మినా పడతాను, ముందు నా పిల్లల్ని..."

పరుగులమ్మ లేచి నిలబడింది. "తిట్టడానికి వానాకాలమంతా ఉందన్నా. మాకూ ఆకలిగానే ఉంది. ఆ శనగల గోడ ఎక్కడుందో చూపించు!"

ఇక చూడండి! పరుగులమ్మ, ఆవిడ పిల్లలు పళ్ళతో కొరుకుతుంటే అడవి అవతల ఉన్న ఏనుగులు "రంపపు మిల్లు పెట్టారా?" అనుకున్నాయి. సూదయ్య వెనక్కి నడిచి ముళ్ళు గోడలోకి పొడిచేవాడు. ముల్లుకో శనగ గుచ్చుకుని బయటికి వచ్చేవాడు. విదిలిస్తే శనగల వాన! మళ్ళీ వెళ్ళేవాడు.

"గోడ జల్లెడ అవుతుందన్నావుగా బావా" అన్నాడు రొప్పుతూ. "అదే చేస్తున్నా."

సగం దారి తెరుచుకునేసరికి పైన ఉన్న శనగలు జారడం మొదలైంది. అప్పుడు నెమ్మదయ్య తాత ఆ సందులోకి పాకి, కాళ్ళు, తల లోపలికి ముడుచుకున్నాడు. శనగల కొండంతా ఆయన డిప్ప మీద ఆగింది.

డిప్పలోంచి గొంతు వినబడింది. "నా ఇల్లు నా వీపు మీదే ఉందన్నావుగా. ఇవాళ దాన్ని నీ ఇంటికి గుమ్మం చేశాను. కానివ్వండర్రా, బరువుగా ఉంది!"

చివరికి పిడికెడంత కన్నం పడింది. పరుగులమ్మ తల వంచి రెండు చెవులూ అందులోంచి లోపలికి చాచింది.

"చెరో చెవీ పట్టుకోండి నాయనా! గట్టిగా! నొప్పి నాకు, భయం మీకెందుకు?"

ఒక పిల్ల వచ్చింది. రెండో పిల్ల వచ్చింది. చిన్నవాడు వచ్చాడు, నోటి నిండా శనగలతో. ఆ వెనకే కన్నం పెద్దది చేసుకుని, మెడ దాకా తడిసి, గాదెమ్మ వచ్చింది.

ఆ సాయంత్రం బస్తయ్యకి ఇల్లు లేదు. పక్కింటివాళ్ళ వానగదిలో అప్పటికే కాలు పెట్టే చోటు లేదు. అయినా అందరూ జరిగారు. జరిగితే చోటు వచ్చింది. బస్తయ్య పిల్లలు పడుకోబోతుంటే సూదయ్య ముళ్ళు గోడవైపు తిప్పుకున్నాడు. అది చూసి బస్తయ్య ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకి వాగు ఇంకో జానెడు పొంగింది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. అందరూ కలిసి బండ పగులులో మన్ను మెత్తారు.

ఏడాది తిరిగింది. రోహిణి కార్తె ఆఖరి సాయంత్రం బస్తయ్య లేచాడు. మళ్ళీ ఏ గొప్ప కొడతాడోనని అందరూ చెవులు నిక్కించారు.

"నా పిల్లలు పరుగులమ్మ చెవులు పట్టుకుని బయటపడ్డారు" అన్నాడు. "సూదయ్య బావ ముళ్ళు, తాత డిప్ప. కేకలక్క ముందే చెప్పింది, నేను వినలేదు. పక్కింటివాళ్ళు జరిగి చోటిచ్చారు..."

అలా మొదలుపెట్టినవాడు ఆపలేదు. దారిచ్చిన చీమని తలుచుకున్నాడు. మన్నిచ్చిన గట్టుని తలుచుకున్నాడు. వింటూ వింటూ మబ్బులు కూడా అక్కడే కునుకు తీశాయి. ఆఖరికి కేకలమ్మ, "బస్తయ్యా, నువ్వు ఆపితే నేను వాన వార్త చెప్పాలి. వాన వచ్చేసేలా ఉంది!" అంది.

అప్పుడు గాదెమ్మ ఇంటింటికీ దోసెడు నానిన శనగలు పంచింది. "ఇవి మీవే. నిరుడు సగమే తిన్నారు" అంది. చలువగుట్టలో ఆ సాయంత్రం శనగలు పంచడం అప్పటి నుంచే మొదలైంది.

ఆ ఏడు బస్తయ్య వానగది అద్దంలా ఊడ్చి ఉంది. కానీ వానలు చల్లగా, నెమ్మదిగా కురిశాయి. ఒక్క ఇల్లూ మునగలేదు. చినుకు పడితే చాలు, బస్తయ్య గుమ్మంలోకి వచ్చి కేక పెట్టేవాడు. "ఎవరైనా తడిశారా? కొంచెమైనా?"

"లేదు బావా, పొడిగానే ఉన్నాం!" అని కింద నుంచి సూదయ్య నవ్వేవాడు. బస్తయ్య దిగులుగా లోపలికి పోయేవాడు.

వానాకాలం ఆఖరి జల్లు నాడు గుమ్మం దగ్గర చప్పుడైంది. నెమ్మదయ్య తాత! ఒంటి మీద చుక్క తడి లేదు.

"తాతా, ఇల్లు మునిగిందా?" అన్నాడు బస్తయ్య ఆత్రంగా.

"నా ఇల్లు నా వీపు మీదే ఉందిరా బస్తిగా, ఎలా మునుగుతుంది?" అన్నాడు తాత లోపలికి పాకుతూ. "పక్కన మనిషి ఉంటాడని వచ్చాను."

నీతి: మనకు అక్కర్లేదనిపించిన కట్టుబాటు ఇంకొకరికి నీడ, ఏదో ఒక రోజు అదే మనకూ నీడ అవుతుంది. అందుకే దాన్ని నిలబెట్టాలి, ఆ నీడ ఇచ్చినవారిని పేరు పెట్టి తలుచుకోవాలి.