ఏ గొంతుతో అన్నాడు?

కుళ్ళాయప్పకు గొంతు పోయింది. జలుబూ కాదు, జ్వరమూ కాదు. మామూలుగా మాట్లాడతాడు, బేరమాడతాడు, అవసరమైతే పోట్లాడతాడు కూడా. తెర వెనక నిలబడి బొమ్మ చేతబట్టుకున్నాడంటే మాత్రం నోట మాట రాదు. తోలుబొమ్మలు ఆడించే ఇంట్లో పుట్టి, రాముడి నుంచి కోతుల దాకా అందరికీ తన గొంతు అరువిచ్చినవాడికి ఇంతకంటే కష్టం ఏముంటుంది?

కారణం అతనికి తెలుసు. ఒక ఆటలో అన్న ఎర్రిస్వామి రాముడికి పాడుతున్నాడు. అప్పటికే అన్న గొంతు బొంగురుపోయింది. కుళ్ళాయప్ప చేతిలో కేతిగాడి బొమ్మ ఉంది. కేతిగాడు నవ్వించేవాడు, ఎవరినైనా వెక్కిరించే హక్కు వాడికుంది. ఆ రోజు వాడు రాముడి బొంగురు గొంతును వెక్కిరించాడు. జనం పడీ పడీ నవ్వారు. ఎర్రిస్వామి తన బొమ్మను నెమ్మదిగా కింద పెట్టి, తెర పక్క నుంచి దిగి ఇంటికి పోయాడు. మళ్ళీ బొమ్మ పట్టలేదు. ఆ ఏడాదే మంచాన పడ్డాడు. రమ్మని కబురొచ్చినా కుళ్ళాయప్పకు మొహం చెల్లలేదు. అతను వెళ్ళకుండానే అన్న పోయాడు.

పోయిన అన్న కలలోకి వస్తూనే ఉన్నాడు. వచ్చి ఏం లాభం? అది కల అనే సంగతే అక్కడ గుర్తుండదు. అన్నతో కలిసి సంతకు పోతాడు, ఎద్దు పళ్ళు చూస్తాడు, వంకాయలు బేరమాడతాడు. అడగాల్సింది మాత్రం అడగడు. మెలకువ వచ్చాక తల బాదుకుంటాడు.

చివరికి దస్తగిరి తాత దగ్గరికి పోయాడు. తాత దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. చిన్నప్పుడు ఒక ఫకీరును సేవించాడనీ, కలలోకి మెలకువతో పోయే దారి తెలుసుననీ ఊరు చెప్పుకునేది. తాత మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

"తాతా, తెలివి తప్పకుండా కలలోకి పోవాల. మా అన్నను ఒక మాట అడగాల."

"ఏం మాట?"

"నన్ను మన్నించినావా అని."

తాత దూది ఏకే విల్లు ఆపి అతని మొహంలోకి చూశాడు. "మధ్యాన్నం పూట రా. ఈ గోడకు ఆనుకుని కూచో. ఒళ్ళును నిద్రపోనీ. చెవిని మాత్రం నా వింటి మీదనే పెట్టు."

చెప్పడానికి బాగానే ఉంది. అన్నం తిన్న కడుపు, ఎండ, ఝుమ్ ఝుమ్మని తాత వింటి మోత. కుళ్ళాయప్ప ఒళ్ళుతోపాటు చెవీ హాయిగా నిద్రపోయేది. దూది ఎగిరొచ్చి ముక్కులో పడితే తుమ్ముతూ లేచేవాడు. మర్నాడు మళ్ళీ అదే గోడ, అదే తుమ్ము.

కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం కాళ్ళూ చేతులూ బరువెక్కాయి. ఎవరిదో గురక వినిపించింది. అది తనదే. నిద్రపోతున్న తన గురకను తానే వింటున్నానని తెలిసి కుళ్ళాయప్ప హడలిపోయాడు. అయినా వింటి మోతను వదల్లేదు. మూసిన రెప్పల ముందు వెలుగు తెరలా పరుచుకుంది. ఆ తెర వెనక్కి నడిచి వెళ్ళాడు. ఇది కల అని తెలుసు. తన ఒళ్ళు తాత వసారాలో ఉందనీ తెలుసు.

అక్కడ అన్న కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నన్ను మన్నించినావా?"

"మన్నించినాలేరా," అన్నాడు ఎర్రిస్వామి.

కుళ్ళాయప్ప ఏడుస్తూ కళ్ళు తెరిచాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు. "తాతా, పోయొస్తి! మన్నించినానన్నాడు!"

తాత తల ఎత్తలేదు. "ఏ గొంతుతో అన్నాడు?"

"బాగా అన్నాడు తాతా, ఖంగుమని."

తాత దూది సర్దుకుంటూ అన్నాడు, "రేపు ఇంకో మాట అడుగు. నీకు తెలియనిది. కడసారి నీళ్ళు ఎవరి చేత తాగినాడో అడిగిరా."

అదేం ప్రశ్నో కుళ్ళాయప్పకు అర్థం కాలేదు. మర్నాడు దారి తెలిసినవాడిలా దర్జాగా గోడకు ఆనుకున్నాడు. విల్లు మోగింది. తెర పరుచుకుంది. అన్న అదే చోట ఉన్నాడు.

"అన్నా, కడసారి నీళ్ళు ఎవరి చేత తాగినావు?"

ఎర్రిస్వామి నోరు తెరిచాడు. మాట రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. మాట అందించమన్నట్టు తమ్ముడి వైపు చూస్తున్నాడు.

వదిన చేత తాగి ఉంటాడు, అనుకున్నాడు కుళ్ళాయప్ప.

"మీ వదిన చేత," అన్నాడు అన్న, ఖంగుమని.

కాదేమో, కొడుకు చేతనేమో, అనుకుని చూశాడు కుళ్ళాయప్ప.

"కొడుకు చేత," అన్నాడు అన్న. అదే గొంతు. బొంగురు ఎక్కడా లేదు.

కుళ్ళాయప్ప కిందికి చూశాడు. బొమ్మకు కట్టినట్టు అన్న ఒంటికి కట్టిన పుల్ల తన కుడిచేతిలో ఉంది.

వసారా అదిరేలా అరుస్తూ లేచాడు. కుడిచేతిని చొక్కాకేసి రుద్దుకుంటూనే ఉన్నాడు. నిన్నటి సంతోషమంతా ఎవరిచ్చిందో తెలిసిపోయింది. "నేనే తాతా. నిన్నా నేనే అన్నాను," అన్నాడు.

తాత వింటి నారి విప్పేశాడు. పక్కనున్న దిండు తీసి, చివరి కుట్టు వేసి, దారం కొరికి అతని ఒడిలో పెట్టాడు.

"ఇది సుంకమ్మ దిండు. నిన్న ఏకింది ఈ దూదే. ఇచ్చిరా పో."

సుంకమ్మ ఎర్రిస్వామి భార్య. పోయినవాడి పక్కబట్టలు ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. ఆమె అన్నీ ఇచ్చేసి అతని దిండు ఈ ఒక్కటి ఉంచుకుంది.

"నేను పోతే వదిన ఏమంటుందో తాతా."

"నాకు తెలీదు. నీకూ తెలీదు. అందుకే పొమ్మంటాండా."

రెండు చేతులా దిండు పట్టుకుని కుళ్ళాయప్ప వెళ్ళాడు. తలుపు తీసిన సుంకమ్మ మరిదిని చూసింది, దిండును చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. దిండు తీసుకుని లోపలికి వెళ్ళి, గడపకు వచ్చిన ఎవరికైనా ఇచ్చినట్టే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

చెంబు అందుకున్నాడు గానీ ఎత్తలేకపోయాడు.

"వదినా, అన్న కడసారి నీళ్ళు ఎవరి చేత తాగినాడు?"

"తాగలేదు," అంది సుంకమ్మ. "నేను ఇచ్చినా వద్దన్నాడు, పిల్లోడు ఇచ్చినా వద్దన్నాడు. కుళ్ళాయి వస్తే తాగుతానన్నాడు."

కుళ్ళాయప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు.

"తాగు," అంది వదిన.