సూర్యుడికి ఎదురుగా నిలబడితే

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని అప్పలస్వామికి గట్టి నమ్మకం. కూతురు పైడమ్మ రెండో తరగతికి వచ్చాక, ఆ తెలివి పట్టడానికి ఇల్లు చాలడం లేదని భార్య నూకాలు బాధ.

ఆవేళ నూకాలు తమ్ముడు సింహాద్రి గృహప్రవేశం. అతనిది దక్షిణాన రెండు మైళ్ళ దూరంలో కొత్తపాలెం. "అక్క చేత్తో పాలు పొంగితేనే లోపల అడుగు పెడతాను. చీకటి పడేలోగా రాకపోతే ఇక మీ గడప తొక్కను" అని కబురు పెట్టాడు.

"ఇన్నాళ్ళూ సదువులేనోళ్ళలాగ దారి అడుక్కుంటూ ఎల్లాం. ఇయ్యాల సదువు మీద ఎల్దాం" అన్నాడు అప్పలస్వామి.

పైడమ్మ చేతులు కట్టుకుని పాఠం ఒప్పజెప్పింది. "సూర్యుడికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం, ఎడమచేతి వైపు ఉత్తరం." టీచరు 'ఉదయించే సూర్యుడు' అనే చెప్పింది. ఆ మొదటి మాట పైడమ్మ బళ్ళోనే వదిలేసి వచ్చింది.

అంతే. పొద్దున్నే ముగ్గురూ ఇంటికి తాళం వేసి, సూర్యుడికి ఎదురుగా నిలబడి, కుడివైపుకి పక్కపక్కగా నడక మొదలుపెట్టారు. అటు తిరిగి నడిస్తే కుడిచెయ్యి కూడా తిరిగిపోతుంది కదా!

"ఏటి మావా, ఎండ్రకాయల్లాగ?" అన్నాడు ఎదురొచ్చిన మేకలకాపరి.

"సదువుకున్నోళ్ళ నడక. నీకు తెల్దులే" అన్నాడు అప్పలస్వామి జాలిగా.

సగం దారిలో సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఇంకేముంది, ముగ్గురూ రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కుడివైపుకి జరిగారు. జరిగి జరిగి వరిమడిలో పడ్డారు.

"దచ్చినం తడిగా ఉందేటయ్యా" అంది నూకాలు.

"దక్షిణాన సముద్రం ఉందమ్మా. దగ్గరకొచ్చేశాం" అంది పైడమ్మ.

బురద కడుక్కునేసరికి సూర్యుడు పడమటికి వాలాడు. మళ్ళీ ఎదురుగా తిరిగారు, మళ్ళీ కుడివైపుకే నడిచారు, తిన్నగా సొంత ఇంటి ముందుకే చేరారు.

"అచ్చం మనిల్లు సూసే కట్టాడు, పగిలిన పెంకులతో సహా!" అన్నాడు అప్పలస్వామి. జేబులోని తాళంచెవి పెట్టి తిప్పితే తాళం కూడా వచ్చింది. లోపల తమ్ముడు లేకపోయేసరికి నూకాలుకి ఏడుపొచ్చింది.

అంతలో సింహాద్రి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "అక్కా, పొద్దుట్నుంచీ మేవంతా ఇంటి బయటే ఉన్నాం!"

"బయటెందుకున్నారు బావా?" అంటూ అప్పలస్వామి తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "ఇల్లు బాగుంది. మేం మా ఇంటికి ఎల్తాం. మాది ఉత్తరం."

ముగ్గురూ సూర్యుడికి ఎదురుగా నిలబడి ఎడమవైపుకి సాగారు. అది సరిగ్గా కొత్తపాలెం దారి. సింహాద్రి సైకిలు నడిపించుకుంటూ వెనకే వెళ్ళాడు.

పొద్దు గుంకే వేళకి మామిడి తోరణాలు కట్టిన కొత్త ఇల్లు కనబడింది. "మనం లేనప్పుడు ఎవురో మనింటికి సున్నం ఏసీసారు!" అని నూకాలు మురిసిపోయి, లోపలికి పోయి పాలు పొంగించింది. సింహాద్రికి సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. కుడికాలు ఎత్తి గడప దాటబోయాడు.

అప్పలస్వామి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒకళ్ళింటికి వచ్చినప్పుడు కాళ్ళు కడుక్కుని రావాలి బావా. మా పాపకి బళ్ళో అదీ సెప్పారు."