వంకర గుంజలు

చెంగల్రాయ స్వామిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కాదు. దీవిలో జెట్టీ కట్టిన కథో, కూలిన కథో ఎత్తుకునేవారు. కాషాయం కట్టకముందు ఆయన పడవలు చేసిన మనిషి. ‘వేదాంతం అడిగితే వడ్రంగం చెబుతాడు’ అని కొందరు నవ్వుకునేవారు. ఈ సంగతి జరిగిననాడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. మరో రకంగా చెప్పేవాళ్లుంటే వాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఒక శనివారం పొద్దున శిష్యుడు వేలాయుధం సరస్సు అవతలి ఒడ్డు నుంచి దీవిలోని స్వామి ఆశ్రమానికి పడవ వేసుకుని వచ్చాడు. భజన కూటానికి పెద్ద అతడే. కూర్చోకుండానే అడిగాడు.

“సామీ, పోలేరయ్య మళ్లీ తాగినాడు. బామ్మర్ది పెండ్లిలో, నలుగురూ చూస్తుండగా. సాయంత్రం కూటంలో అతని మెడలో తులసిపూస తెంపించేద్దామా?”

పూస తెగితే కూటంలోవాళ్లు ఎవరూ ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టరు. పెళ్లాం పిల్లలకూ అదే శిక్ష. అంతకుముందు కొన్నేళ్లుగా పోలేరయ్య సారా వాసన చూడలేదన్నదీ అందరికీ తెలుసు.

“ముందు కూర్చో అబ్బయా. మన జెట్టీ సంగతి నీకు తెలుసునా?”

“నేనడిగింది జెట్టీ గురించి కాదు సామీ.”

“నేను చెప్పేది దాని గురించే. తాతలనాడు తాటి మొద్దులు బురదలో దింపి జెట్టీ కట్టినారు. బురదలో దిగిన మొద్దు చెడదు. అలకు తడుస్తా, ఎండకు ఎండతా ఉండే చోటే పుచ్చుతుంది. అందుకని మరమ్మతుకు పాత గుంజను పీకేవాళ్లు కారు. పుచ్చిన మేర చెక్కేసి, పక్కనే కొత్త గుంజ దింపి, రెంటినీ కలిపి మోకుతో బిగించేవాళ్లు. అట్లా జంటలు జంటలుగా, వంకరటింకరగా నిలబడింది జెట్టీ. ఆ తర్వాత మీ నాయన పెద్దరికంలోకి వచ్చినాడు. వంకర చూస్తే ఆయనకు అన్నం దిగదు. తిన్న చేప ముల్లు కూడా తిన్నగా పెట్టి లేచే మనిషి.”

నేను నవ్వాను. వేలాయుధం నవ్వలేదు.

“పాత గుంజలు పీకించినాడు. కొసన ఉండే రెండు జంటలు మాత్రం ఎంత లాగినా రాలేదు. తక్కినవాటి గుంటల్లోనే సరుగుడు గుంజలు, తాడు పట్టి, ఒకే వరసలో దింపించినాడు. చూడముచ్చటగా ఉండింది. పీకినచోట బురద జావైపోయిందని ఎవరికీ తట్టలేదు. కార్తీకంలో గాలివాన కొట్టింది. ఆ వరస వరసంతా, వంకర లేకుండా, ఒక పక్కకు పడుకుంది. ఆ వానాకాలం దీవికి రేవు లేదు. నొప్పులు పడే మనిషిని మంచం మీద పెట్టి, రొమ్ముల్లోతు బురదలో పడవ దాకా మోసినారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.”

వేలాయుధం మొండిగానే అడిగాడు. “అయితే పుచ్చినదాన్ని పుచ్చలేదనమంటారా?”

“పుచ్చిన మేర చెక్కెయ్యమన్నాను గదా.”

స్వామి లేచి పైగుడ్డ దులుపుకున్నారు. “పొద్దున వచ్చినప్పుడు పడవ దేనికి కట్టినావు?”

వేలాయుధం జెట్టీ వైపు తిరిగి చూశాడు.

“కొసన ఉండే వంకర జంటకే సామీ. గాలివాన తర్వాత వేసినవి ఇంకా కదలతా ఉంటాయి.”

“సాయంత్రం పోలేరయ్యను ఆ పడవలోనే ఎక్కించుకుని రా. కూటంలో నీ పక్కనే కూర్చోబెట్టుకో.”