ఖాళీగా ఉన్న చేయి

నిజమైన శత్రువును ఒక్కసారైనా కొట్టి చూడాలని ఉరుకుందమ్మకు ఉండేది. కర్రసాము మొదలుపెట్టిన నాటినుంచీ ఉన్న ఈ కోరికను ఆమె ఎవరి ముందూ పైకి అనలేదు. దాన్ని ప్రశ్నగా మార్చి మాత్రం వస్తాదు మస్తానయ్యను అడిగింది. వాళ్లు సాము నేర్చుకునే తాలింఖానాలో ఓడినవాడు రెండు అరచేతులూ మట్టికి ఆనిస్తాడు; గెలిచినవాడు కర్ర కింద పెట్టి, చేయి అందించి అతణ్ణి పైకి లేపాలి. అది అక్కడి మర్యాద. మరి బయట, ప్రాణం తీయడానికి వచ్చినవాడు లొంగిపోతే? మస్తానయ్య అడిగిందానికి అప్పుడే బదులిచ్చే మనిషి కాదు. కర్రలకు నూనె పట్టిస్తూ, వచ్చినప్పుడు చూద్దాంలే అని ఊరుకున్నాడు.

ఆ సందర్భం ఒకనాడు పొద్దున్నే వచ్చింది. మట్టి తడపడానికి అందరికంటే ముందు వెళ్లిన ఉరుకుందమ్మ తాలింఖానా తలుపు తోసేసరికి, లోపల ఒకడు బోరు మోటారు విప్పి రాగితీగ లాగుతున్నాడు. ఉన్నది ఒకటే తలుపు, అందులో ఆమె. వాడు కొడవలి ఎత్తి మీదికి వచ్చాడు. గోడకు ఆనించిన కర్ర చేతికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మణికట్టు మీద ఒక్క దెబ్బ. కొడవలి జారిపడింది, మనిషి మోకాళ్ల మీద కూలాడు. పీర్ల పండుగ సాము చూస్తూ పెరిగినవాడేమో, రెండు చేతులూ మట్టికి ఆనించాడు.

"కొట్టాకు అక్కా. లొంగిపోయినా."

ఇన్నాళ్లు కోరుకున్నది ఇంత తొందరగా అయిపోవడం ఆమెకు వింతగా తోచింది. ఇంకొక్కటి వేయమని భుజం లాగింది. అంతలో అలవాటు ముందుకొచ్చింది. కర్ర దించి, వంగి, చేయి చాచింది.

"ఆగమ్మా," అన్నాడు అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మస్తానయ్య. "వాడు దేన్ని చూస్తుండాడో చూడు."

వాడి చూపు ఆమె చేతి మీద లేదు. జానెడు దూరంలో పడివున్న కొడవలి మీద ఉంది. ఉరుకుందమ్మ చటుక్కున వెనక్కి జరిగింది. ఒళ్లు మండి కర్ర మళ్లీ పైకెత్తింది. వాడు కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు వాని చేతిలో ఏముంది?" అన్నాడు మస్తానయ్య.

ఏమీ లేదు. కర్ర గాలిలోనే ఆగిపోయింది. ఆమె దగ్గరికి పోకుండానే కర్రకొసతో కొడవలిని గోడవారకు నెట్టింది. వాణ్ణి బోర్లా పడుకోమంది. వాడు పడుకుని, చేయి విరిగిందనీ, ఇంట్లో పసిబిడ్డ ఉందనీ, ఈ ఒక్కసారికి వదిలేస్తే మళ్లీ ఈ దిక్కుకు రాననీ ఏకరువు పెట్టాడు. వస్తాదు గడప మీద కూర్చుని, తనకేమీ పట్టనట్టు బీడీ వెలిగించాడు.

"కొట్టొద్దంటివి, చేయి ఇయ్యొద్దంటివి," అంది ఉరుకుందమ్మ. "వదిలితే రేపు ఇంకో తలుపులో ఇంకెవరుంటారో. మరేం జేయాల వస్తాదూ? పొద్దుగూకేదాకా ఇట్లే నిలబడాల్నా?"

"ఆ కర్రను ఎన్ని చేతుల్తో పట్టుకున్నావు?"

కుడిచేయి ఒక్కటే. ఎడమచేయి నడుము పక్కన ఊరికే ఉంది. దాని కిందే జేబు, జేబులో ఫోను. పోలీసులను పిలవమంటున్నాడన్న సంగతి అర్థమయ్యాకే ఆమెకు అసలు భయం పట్టుకుంది. స్టేషనులో విరిగిన మణికట్టు గురించి అడుగుతారు. ఊళ్లో మాత్రం వదులుతారా? మొగోని చేయి విరిచిన పిల్ల అని కిళ్లీ కొట్టు దగ్గర పేరు పెట్టేస్తారు. కింద వాడు మూలుగుతున్నాడు. వాడి చేయి చూడటానికైనా ఇప్పుడు ఎవరో ఒకరు రావాలి.

కర్ర దించకుండానే ఆమె ఎడమచేతిని జేబులోకి పోనిచ్చింది.

"పోలీసోళ్లకు ఏమని చెప్పాల?"

మస్తానయ్య బీడీని గడపకు నలిపి ఆర్పాడు.

"ముందు వాని చేయి విరిగిందని చెప్పు. రెండో దెబ్బ పడకుండా కర్ర యాడ ఆగిందో తరవాత చెప్పు."