మూత తీయని గిన్నె

ఒకానొక రాజ్యంలో, దాని పేరెందుకు లెండి, ఉద్దండభూపతి అనే రాజుండేవాడు. సముద్రపు ఒడ్డు రాజ్యం. ఏటా ఓడ మీద ఒక ఫ్రెంచి వర్తకుడు వచ్చి తెల్ల ద్రాక్షసారా సీసాలు కానుకగా ఇచ్చేవాడు. వాటిని గుక్కగుక్కగా చప్పరించి గుణం చెప్పడం రాజుగారు అతని దగ్గరే నేర్చుకున్నారు. ఆ విద్య తనతోనే పుట్టినట్టు మాట్లాడేవారు.

కిందటి విందులో వంటమనిషి అచ్చియ్యమ్మ ఆ సారాకు తోడుగా చింతపండు పోసి చేపల పులుసు పెట్టింది. పులుపు మీద పులుపు పడి వర్తకుడి మొహం ముడుచుకుపోయింది. రాజుగారు ఆ ముసలామెను చెరలో వేయించారు. చెమ్మగోడల మధ్య ఆమె దగ్గు వంటశాల దాకా వినిపించేది.

వర్తకుడు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె కూతురు గవరమ్మను పిలిపించారు.

"రేపటి విందుకు ఈ సారాకు తగిన వంటకం చెయ్యి. కుదరకపోతే నువ్వూ మీ అమ్మ పక్కనే."

"ఒక్క గుక్క రుచి చూపించండి ప్రభూ."

సభ ముక్కున వేలేసుకుంది. మంత్రి తిప్పరుసు లేచి నిలబడ్డాడు. "ఆడదానివి, సారా అడుగుతావా!"

"తాగడానికి కాదు బాబూ. ఉప్పెంత, పులుపెంత వేయాలో తెలియాలిగా."

"మీ అమ్మా ఇదే అడిగింది. రుచి మేం చెబుతాం, విను," అన్నారు రాజుగారు కళ్లు మూసుకుని. "మొదట పువ్వు. తర్వాత పండు. చివర తడిసిన రాయి."

"రాయికి ఏ కూర వండాలి ప్రభూ?"

"పో అవతలికి!"

మర్నాడు మధ్యాహ్నం గవరమ్మ ఒక ఇత్తడి గిన్నె తెచ్చి రాజుగారి ముందు పెట్టింది. గిన్నె మూత చుట్టూ పిండి అతికించి ఉంది. రాజుగారు చెయ్యి చాచారు.

"మూత తీయకండి ప్రభూ. తీయకుండానే రుచి చెప్పండి."

"మతి పోయిందటే? నోట పెట్టకుండా రుచెలా తెలుస్తుంది?"

"మా అమ్మకు తెలియలేదనేగా చెరలో పెట్టారు."

దుబాసీ ఆ మాటను ఫ్రెంచిలోకి మార్చి చెవిలో వేయగానే వర్తకుడు పగలబడి నవ్వాడు. అతిథి నవ్వాక రాజుగారికి తప్పలేదు, ఆయనా నవ్వారు. ఆయన నవ్వాక సభంతా నవ్వింది.

సీసా ఎంగిలి కాకుండా పైనుంచి ఆమె దోసిట్లో కొంచెం పోయించారు. గవరమ్మ రుచి చూసింది. పచ్చిమామిడి పులుపు. చివర తడిసిన రాయి కూడా నిజమే.

"పులుపు ఇందులోనే ఉంది. ఇక చింతపండుకు పని లేదు," అని మూత తీసింది. లోపల ఉప్పు తప్ప మరేమీ వేయకుండా ఆవిరి మీద ఉడికించిన చందువా చేప. దాని మీద ఇంత వెన్న వేసింది.

వర్తకుడు ఒక ముక్క తిన్నాడు, ఒక గుక్క తాగాడు, కళ్లు మూసుకున్నాడు. రాజుగారి ఛాతీ ఉబ్బింది.

"ఏం కావాలో కోరుకో!"

"మా అమ్మ."

"వదిలేశాం! ఇదిగో, నీకు బంగారు కంకణం. ఇంకో కానుక, బతికినంత కాలం ఈ వంటశాల నీదే. నీలాంటి దాన్ని మళ్లీ గడప దాటనిస్తామా?" రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు.

అచ్చియ్యమ్మను కోట వెనక గుమ్మం నుంచి పంపేశారు. కూతుర్ని చూస్తానంటే, వంటశాలలోకి బయటివాళ్లు రాకూడదని కాపలావాడు అడ్డుకున్నాడు. ఆ దగ్గు గోడ అవతల కొంత దూరం వినిపించింది, తర్వాత వినబడలేదు.

ఈ కథ రాజుగారు వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవారు. వంటమనిషికి రుచి చూపించాలన్న ఆలోచన ఆయనకే తట్టిందట. అందులో గవరమ్మ పేరు ఉండేది కాదు.

మరుసటేడు ఓడ మీద ఎర్ర ద్రాక్షసారా వచ్చింది.

"ఒక్క గుక్క ఇప్పించండి ప్రభూ," అంది గవరమ్మ.

"మళ్లీనా! ఆడదానివి, సారా అడుగుతావా?"

గవరమ్మ వంటశాలకు వెళ్లి, కంకణం తీసి పక్కన పెట్టి, మూత అతికించడానికి పిండి తడిపింది.