తలలు లెక్కపెట్టిన మధ్యాహ్నం

రెండు కొండల నడుమ ఒక ఏరు, ఏటి ఒంపులో ఒక ఇసుక దిబ్బ. చూసే కంటికి ఆ దిబ్బ మీద నాలుగు వెంపలి దుబ్బులు తప్ప ఏమీ లేవు. తాబేళ్లకు మాత్రం అదే ఊరు, అదే పురిటిల్లు. ఆడ తాబేళ్లన్నీ అక్కడే గుంటలు తీసి గుడ్లు పెట్టేవి. తొలకరి పడి పిల్లలు బయటికి వచ్చేదాకా దిబ్బ మీద ఎవరూ కాలు పెట్టరాదని అడవి కట్టుబాటు. ఉడుముకు గుడ్లంటే ప్రాణం. అయినా అంచున నిలబడి నాలుక చప్పరించుకుని వెనక్కి పోవలసిందే.

ముసలి తాబేలు నూకాలు ఆ ఏడు పెద్ద వెంపలి దుబ్బు కింద గుడ్లు పెట్టింది. మరో ఏడు ఒడ్డెక్కే ఓపిక తనకు లేదని దానికి తెలుసు. ఇవే ఆఖరివి. ఇసుక కప్పి, పొట్టతో అదిమి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అడవి హద్దులు చూసే నక్క వచ్చింది.

"నూకాలత్తా, కులాసానా? ఒక మంచి మాట చెప్పిపోదామని వచ్చాను."

"నీ నోట మంచి మాట వచ్చిందంటే ఎవరి కొంపో కూలిందన్నమాటే. చెప్పు."

నక్క నవ్వింది. "ఈ దిబ్బ ఊరికే పడి ఉంది. గేదెలు నీళ్లకు కొండ చుట్టి వస్తున్నాయి పాపం. దిబ్బ మీదుగా చిన్న బాట, బాట పక్కన నలుగురూ కూర్చునే చోటు. అంతే. దీన్ని ఇక ఇళ్ల తావు అనకుండా నడక తావు అందామని పులిదొరకు మనవి చేశాను."

"ఊరికే పడి ఉందా? ఇసుక కింద మా పిల్లలున్నారు."

"కంటికి కనపడితే కదా అత్తా లెక్కలోకి వచ్చేది!"

"వద్దనేవాళ్ల మాట వినకుండా తావు మార్చకూడదు. అదీ కట్టుబాటే. మరిచావా?"

"మరవలేదు. వద్దనేవాళ్లు పులిగుట్ట ఎక్కి కేక వేసి చెప్పాలి."

తాబేళ్లు గొల్లుమన్నాయి. గుట్ట ఎక్కేదెలా? కేక వేయడానికి గొంతేదీ? నూకాలు మాత్రం నక్క దారికి అడ్డంగా వచ్చి కూర్చుంది. ఎండ ముదిరినా కదల్లేదు. "మా దిబ్బ సంగతి మా దిబ్బ మీదే తేలాలి. నన్ను తొక్కిపోతే పో."

నక్క చాలాసేపు గడ్డం గోక్కుంది. తర్వాత మెత్తబడ్డట్టు నిట్టూర్చింది. "పెద్దదానివి, నీ మాట కాదనలేను. మీకు గొంతు లేదు, నిజమే. రేపు మధ్యాహ్నం కొంగను వెంటబెట్టుకొస్తాను. ఒప్పనివాళ్లు ఉన్నచోటే తల ఎత్తి ఉంచండి. కొంగ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి లెక్క పెడుతుంది. లేచిన తలలు ఎక్కువైతే బాట మాట మళ్లీ ఎత్తను. సరేనా?"

తల ఎత్తడం కంటే తేలికేముంది? తాబేళ్లన్నీ సరేనన్నాయి. నక్కంతటి నక్కను వంచానని నూకాలు మురిసిపోయింది.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి తల ఎత్తడం నేర్పింది. నీటి అంచున గుడ్లు పెట్టినవి కొన్ని గొణిగాయి. "బాట పోయేది పైవైపు నుంచి కదా. మా గుంటల దాకా రాదు. మాకెందుకీ తగాదా?"

"ఏకై వచ్చి మేకై కూర్చునేదాన్ని బాట అంటారే పిచ్చిదానా," అంది నూకాలు. "ఎత్తు తల!"

తొలిచూలు తాబేలు పైడమ్మ మెడ వణుకుతోంది. "పెద్దమ్మా, రేపు నాకు భయమేస్తే?"

"నన్ను చూడు. నా తల లేచి ఉన్నంతసేపూ నీ తల దించకు."

ఎదుటి ఒడ్డున గులకరాళ్ల మీద గుడ్లు పెట్టుకున్న, చిన్న అలికిడికే ఎగిరిపోయే తీతువు పిట్టలు ఇదంతా చూసి కిచకిచా నవ్వాయి. "తాను దూర సందు లేదు, మెడకో డోలు! ఇంట్లోకి ముడుచుకునే జాతి, తలెత్తి పోరాడుతుందట!"

మర్నాడు నడిమింటి ఎండలో కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని కాసేపు జపం చేసింది. "నాకు అటూ లేదు, ఇటూ లేదు. కనపడిందే లెక్క," అంది.

తలలన్నీ లేచాయి. గొణిగినవి కూడా ఎత్తాయి. దిబ్బంతా మెడలే. పైడమ్మ నూకాలు వైపే చూస్తోంది. నూకాలుకు గుండె నిండింది.

కొంగ మొదటి అడుగు వేసింది. నక్క ఒక్కసారి ఆకాశం వైపు చూసి తోక ఆడించింది.

ఇసుక మీద నల్లని నీడ జారింది. గద్ద. ఎవరినీ తన్నలేదు, కిందికి దిగను కూడా లేదు. రెక్కలు చాచి దిబ్బ మీద చుట్టూ తిరిగింది, అంతే.

టక్, టక్, టక్. డిప్పలన్నీ మూతపడ్డాయి.

నూకాలు తల దించాలనుకోలేదు. కానీ ఏ బుద్ధీ పుట్టకముందే పుట్టిన బెదురు అది. మెడ దాని మాట వినలేదు. డిప్ప లోపలి చీకట్లో అది తనను తాను తిట్టుకుంది, మెడను బయటికి తొయ్యాలని గింజుకుంది. పైన నీడ ఇంకా తిరుగుతోంది. ఇసుక మీద కొంగ అడుగులు వినబడ్డాయి. తాపీగా వచ్చి, పక్కనుంచి సాగిపోయాయి.

"లేచిన తల ఒక్కటీ లేదు," అంది కొంగ.

నీడ పోయాక నూకాలు తల బయటపెట్టింది. "మోసం! గద్దను నువ్వే పిలిపించావు!"

"గద్ద మిమ్మల్ని ముట్టుకుందా?" అంది నక్క ఎంతో మర్యాదగా. "కొంగ తప్పు లెక్క చెప్పిందా? నిన్న ఈ షరతుకు సరేనన్నది నువ్వే కదా అత్తా!"

పైడమ్మ ఏటి వైపు తిరిగింది. నూకాలు వైపు చూడనూ లేదు.

బాట పైవైపు నుంచే మొదలైంది. గేదెలకు బాట ఎక్కడ ఆగాలో తెలియదు. దిబ్బంతా డెక్కలతో గట్టిపడిపోయింది. ఇళ్ల తావు కాదు కనుక ఉడుము పట్టపగలే వచ్చింది. బాట పక్కన కూర్చుని తీరిగ్గా తవ్వుకుంది. నీటి అంచున ఉన్న గుంటల్ని కూడా వదల్లేదు.

తొలకరి పడింది. ఇసుకలోంచి ఒక్క పిల్లా రాలేదు. పెద్ద వెంపలి దుబ్బు ఉండే చోటు ఏదో నూకాలు పోల్చుకోలేకపోయింది.

మళ్లీ ఎండలు వచ్చాయి. నూకాలు ఏటి నడుమ రాతి మీద ఒంటరిగా కూర్చుని ఉండగా, ఎదుటి ఒడ్డున నక్క గొంతు వినబడింది. తీతువులతో మాట్లాడుతోంది.

"గులకరాళ్ల సంగతి మీరే తేల్చండి. పులిగుట్ట దాకా ఎందుకు రావడం? ఒప్పనివాళ్లు ఎగరకుండా మీ గుడ్ల దగ్గరే నిలబడండి. కొంగ లెక్క పెడుతుంది."

"ఓ తీతువమ్మా!" నూకాలు ఉన్న ఊపిరంతా కూడదీసుకుంది. "ఒప్పుకోకు! ఆకాశం చూడు!"

తీతువు మెడ తిప్పింది. "పోవే ముసల్దానా. మేమేమన్నా తాబేళ్లమా, తల దాచుకోడానికి? నిలబడటం కూడా ఒక పనేనా!"

నక్క మెల్లగా తోక ఆడించింది.

నీ బెదురు ఎరిగినవాడు నీ మేలు కోసమని పెట్టిన షరతు, నీ కొలతకు తవ్విన గొయ్యి.